చేపల తొట్టికి తోడు పెట్టిన వైనం

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు. అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో నేను చేపల తొట్టి పెట్టని బంగళా లేదు. ఫిల్మ్ నగర్ రోడ్డు మీద నా అక్వేరియం షాపు ముందు కార్లు ఆగితే ట్రాఫిక్ నిలిచిపోయేది. తెర మీద రీలుకొకణ్ణి నరికే ఒక పేరుమోసిన విలనూ నేనూ భుజం భుజం రాసుకుంటూ ఒక చేప ప్రాణం నిలబెట్టాం. సీసాలో వచ్చే బ్యాక్టీరియాతో కొత్త తొట్టిని మూడంటే మూడు రోజుల్లో సిద్ధం చేసిన మొదటి మనిషిని ఈ నగరంలో నేనే.

ఇందులో నిజమెంతో ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే ముందుకు వెళ్ళలేను. ట్రాఫిక్ నిలిచిన మాట నిజమే గానీ, కారణం మా పక్కనున్న మిర్చి బజ్జీల బండి. బంగళాలు పదో పన్నెండో. విలన్ సంగతి ఆయన దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. మూడు రోజులన్నది సీసా మీద అచ్చేసిన మాట. నేను దాన్ని గట్టిగా చదివానంతే.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. కొత్త తొట్టిలో నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. అందులో చేపని వేస్తే దాని విసర్జన, అది తినకుండా వదిలేసిన మేత కుళ్ళి అమ్మోనియా తయారవుతుంది. అది చేపకి విషం. పాత తొట్టిలో అయితే ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్ళని అంటిపెట్టుకుని కొన్ని రకాల బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీనితో పెద్ద బాధ లేదు, అప్పుడప్పుడు కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోస్తే సరిపోతుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టేదాకా నడిచే వ్యవహారాన్ని సైక్లింగ్ అంటారు. దానంతట అది జరగాలంటే నెల దాటుతుంది. సీసా బ్యాక్టీరియా పోస్తే తొందరగా అవుతుందని కంపెనీవాళ్ళు చెబుతారు.

ఈ సంగతులు అప్పటికి నాకూ కొత్తే. అంతకు ముందంతా, ‘నీళ్ళు పట్టి ఒక్క దినం ఉంచుండ్రి, తెల్లారి చేపలు ఏసుకోండ్రి’ అని చెప్పి పంపేవాణ్ణి. చేపలు చచ్చిపోయేవి. వాళ్ళు మళ్ళీ వచ్చి కొనేవాళ్ళు. నేను దాన్ని వ్యాపారం అనుకునేవాణ్ణి. తర్వాత బొంబాయి నుంచి ఈ సీసాలు రావడం మొదలైంది. సీసా వెనక ఉన్న చిన్నక్షరాలను భూతద్దం పెట్టి చదువుకుని, ఆ సాయంత్రం నుంచే నిపుణుడిలా మాట్లాడ్డం మొదలుపెట్టాను.

అలాంటి రోజుల్లో ప్రసాద్ అనే కుర్రాడు షాపుకొచ్చాడు. కుర్రాడంటే నా లెక్కలో. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. వాళ్ళది తణుకు దగ్గర. మోతీనగర్‌లో ఫ్లాటు వదిలేసి జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నారు.

“అంకుల్, మా అమ్మకి ఒక ఫిష్ ఉంది. దానికి పెద్ద ట్యాంక్ కావాలి. అమ్మకి నచ్చాలి, ఫిష్‌కీ నచ్చాలి.”

“ఇద్దర్ల ఎవరు గట్టోళ్ళు?”

“అమ్మే. కానీ ఫిష్ మాటే వింటుంది.”

ఆ చేప ఆస్కార్. అరచెయ్యంత ఉంటుంది, నల్లటి ఒంటి మీద నిప్పురవ్వల్లాంటి మచ్చలు. తెలివైన జాతి, మేత పెట్టే మనిషిని గుర్తుపడుతుంది. తిండి కూడా దండిగా తింటుంది, అంత దండిగానూ అమ్మోనియా వదులుతుంది. ప్రసాద్ వాళ్ళమ్మ సుభద్రమ్మగారు దానికి కలెక్టరు అని పేరు పెట్టుకున్నారు. చేతిలో మేత లేకుండా ఎదురుగా నిలబడితే కన్నెత్తి కూడా చూడదట.

కొత్తింట్లోకి పాత చీపురు తీసుకెళ్ళరు కదా. ఆ వరసలోనే పాత తొట్టి, నల్లబడ్డ స్పాంజి, నాచు పట్టిన గులకరాళ్ళు అన్నీ మోతీనగర్‌లోనే పారేసి, కలెక్టరుని మాత్రం మూత బకెట్లో కారెక్కించి తెచ్చారు. నేనూ అదే మంచిదన్నాను. కొత్తవి అమ్మేది నేనే కదా. ఆ నల్లటి స్పాంజిలోనే వాళ్ళ ఇన్నేళ్ళ బ్యాక్టీరియా అంతా ఉందన్న సంగతి, భూతద్దంలో చదివి కూడా, నా బుర్రకి తట్టలేదు.

కొత్తిల్లు కొండవాలు మీద ఉంది. హాలు కిటికీలోంచి చూస్తే కింద ఫిల్మ్ నగర్ కనిపిస్తుంది. తొట్టి బిగించి, డ్రమ్ముల్లో ముందే పట్టి నిలవుంచిన నీళ్ళు పోయించి, ఫిల్టరూ ఎయిర్ పంపూ ఆన్ చేసి, సీసా మూత తిప్పాను. ప్రసాద్ అనుమానంగా చూశాడు.

“లైవ్ బ్యాక్టీరియానా అంకుల్? ఇన్ఫెక్షన్ రాదా?”

సుభద్రమ్మగారు నాలుగడుగులు వెనక్కి వేశారు. “బ్యాక్టీరియా అంటే రోగాలవే కదండీ. కొత్తింట్లో అవెందుకు అన్నయ్యగారూ?”

ఇక్కడే నా తెలివి చూపించాను. “ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. పాలల్ల తోడు ఏస్తె పెరుగైతది కదా. గిది నీళ్ళకు తోడు లెక్క.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. “ఆ మాట ముందే చెప్పొచ్చుగా. ఏవేవో జబ్బుల పేర్లు చెబుతారు.” దగ్గరికొచ్చి సీసా చేతిలోకి తీసుకున్నారు. “నీళ్ళు కాస్త గోరువెచ్చగా ఉండాలా?”

“జర వెచ్చగుంటె మంచిదే.”

“మూత పెట్టాలా?”

“పెట్టండ్రి. ఆస్కార్ ఎగిరి దుంకుతది.”

“తోడు ఎక్కువైతే పులుస్తుందా?”

“ఏం పులవదు. ఎక్కువైనా నష్టం లేదు.”

అన్నీ సరైన జవాబులే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో తల బాదుకోవాలో తెలియదు. ఆవిడ పాల లెక్కలో అడిగారు, నేను చేప లెక్కలో చెప్పాను. ఇద్దరం తృప్తిగా తలలూపుకున్నాం.

ఆ తర్వాత నుంచే నాకు ఏమీ అర్థం కాకుండా పోయింది.

నాలుగైదు రోజులాగి టెస్ట్ కిట్ పట్టుకుని వెళ్ళాను. గాజుగొట్టంలో తొట్టినీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. అమ్మోనియా లేకపోతే పసుపు. ఉంటే ఆకుపచ్చ. ఎంత చిక్కటి పచ్చ అయితే అంత ప్రమాదం. కంపెనీవాళ్ళ లెక్క ప్రకారం ఈపాటికి పసుపు రావాలి. చిలకపచ్చ వచ్చింది.

“పసుపే కదా అంకుల్,” అన్నాడు ప్రసాద్, హాల్లో వేలాడే దీపాల గుత్తి కింద గొట్టం ఎత్తి చూస్తూ.

“బయటికి తెచ్చి చూడు బాబు.”

వరండాలోకి తెస్తే పచ్చ. లోపలికి తీసుకెళ్తే పసుపు. ఇద్దరం లోపలికీ బయటికీ తిరిగాం. వాళ్ళ డ్రైవరు నర్సింగుని పిలిచి అడిగాం. “సేట్, గిది మా రహమత్‌నగర్ మసీదు గోడ రంగున్నది,” అన్నాడు. దాంతో తేలిపోయింది.

ఇంకో సీసా పోశాను. తర్వాత సారి మరింత చిక్కటి పచ్చ. మళ్ళీ సీసా. మళ్ళీ పచ్చ. కలెక్టరు మేత ముట్టడం మానేశాడు. రెక్కలు ముడుచుకుని ఒక మూల నీటిపైకి మూతి పెట్టి తిరుగుతున్నాడు. మొప్పల అంచులు ఎర్రబడ్డాయి. నేను వెళ్ళిన ప్రతిసారీ ఫిల్టరు తిరుగుతూనే ఉంది, పంపు బుడగలు వదులుతూనే ఉంది. తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

నీళ్ళ మీద అనుమానపడ్డాను. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది బ్యాక్టీరియాని చంపుతుంది. కానీ నీళ్ళు డ్రమ్ముల్లో నిలవుంచినవే. సీసా మీద అనుమానపడ్డాను. వేసవి ఎండలో కారులో పెట్టి మరిచిపోతే లోపలున్నది ఉడికిపోతుంది. నర్సింగుని నిలదీశాను.

“సచ్చినా పెట్టలే సేట్. మీ షాపు కాడికెళ్ళి ఏసీ ఏసుకుని తెచ్చిన. మా సార్ కన్న సల్లగ వచ్చింది గది.”

సీసా నకిలీదేమోనని బొంబాయికి ఫోన్ చేస్తే, అక్కడివాడు నేనే నకిలీ అన్నట్టు మాట్లాడాడు. ప్రసాద్ తన పద్ధతిలో, ఒక్కొక్కటీ ఆపి చూద్దాం అంకుల్, మా ఆఫీసులో బగ్ ఇలాగే పట్టుకుంటాం, అన్నాడు. నేను సరేనన్నాను గానీ, ఏది ఆపాలో ఇద్దరికీ తెలియలేదు. ఎందుకైనా మంచిదని రోజూ కొన్ని బకెట్ల నీళ్ళు తీసేసి డ్రమ్ము నీళ్ళు పొయ్యమని నర్సింగుకి చెప్పాను.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి సుభద్రమ్మగారు తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేత గుళిక వేళ్ళతో పట్టుకుని నీటి మీద ఆనించారు. మోతీనగర్‌లో అయితే పైకొచ్చి వేళ్ళలోంచి లాక్కునేవాడట. ఇప్పుడు వాడు చూశాడు, వెనక్కి తిరిగాడు.

“అన్నయ్యగారూ, ఇది నాకు చేప కాదండీ,” అన్నారావిడ, గొంతు మామూలుగానే ఉంది. “అక్కడ తలుపు తీస్తే ఎదురు తలుపు. కూరేం చేశావు, చాకలి వచ్చాడా, ఇలా రోజు గడిచిపోయేది. ఇక్కడ గోడలు. వీధిలో మనిషన్నవాడు నడవడు, కార్లు నడుస్తాయి. అబ్బాయీ కోడలూ పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టాక వస్తారు. నేను రోజల్లా మాట్లాడేది వీడితోనే.”

“జవాబిస్తడా అమ్మా?”

“ఇవ్వడు. వింటాడు. మా ఇంట్లో ఆ పని చేసేవాడు వాడొక్కడే.”

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నవ్వడం లేదు.

నిజం తేలింది అనుకోకుండా. ఒకరోజు శ్రీకృష్ణానగర్‌లో ఒక షూటింగ్ ఆఫీసులో తొట్టి కడగాల్సి ఉండి, షాపు తెరవకముందే బయల్దేరాను. దారిలోనే కదా అని ప్రసాద్ ఇంటికి వెళ్ళాను. అంతవరకూ ఎప్పుడూ అంత పొద్దున్న వెళ్ళలేదు. హాల్లోకి అడుగుపెడితే చప్పుడు లేదు. ఫిల్టరు గలగల లేదు, పంపు గురగుర లేదు. తొట్టి మీద మెత్తటి పాత నేతచీర మడత వేసి నాలుగు వైపులా కప్పి ఉంది, చంటిపిల్ల ఉయ్యాల మీద కప్పినట్టు. ప్లగ్గులు పీకి గోడవార చక్కగా చుట్టి పెట్టారు. చీర తీశాను. కలెక్టరు నీటిపైన మూతి తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు.

“అమ్మా, కరెంటు పోయిందా?”

“లేదే. నేనే తీశాను,” అంటూ వంటింట్లోంచి వచ్చారు. “రోజూ పడుకోబోయే ముందు తీసేస్తాను. పొద్దున్న కాఫీ అయ్యాక పెడతాను.”

“ఎందుకు?”

ఆవిడ నన్ను జాలిగా చూశారు. “తోడు పెట్టాక కదపకూడదు కదండీ. అన్ని బుడగలొస్తుంటే ఎలా తోడుకుంటుంది? కనీసం రాత్రిపూటైనా కుదురుగా ఉండనివ్వాలి.”

ఆ పంపు పక్కనే, చల్లటి గచ్చు మీద కూర్చున్నాను.

విషయం ఏమిటంటే, పెరుగుకి కదలిక పనికిరాదు, ఈ బ్యాక్టీరియాకి కదలిక లేకపోతే పనికిరాదు. దానికి గాలి కావాలి. ఫిల్టరులోంచి నీళ్ళు ఎడతెగకుండా పారుతుంటేనే దానికి ఊపిరి. రాత్రంతా ఆపేస్తే స్పాంజి లోపలే ఊపిరాడక పోతుంది. మర్నాడు నేను పోసిన సీసా కూడా అదే దారి. నేను పగలు పొయ్యడం, ఆవిడ రాత్రి జోకొట్టి చంపడం, ఇదీ ఇన్నాళ్ళూ జరిగింది. సీసా మీద ‘ఎయిర్ పంప్ ఆపకండి’ అని ఇంగ్లీషులో రాసే ఉంది. తోడు పెట్టిన గిన్నెని కదపకండి అని ఎవరూ రాయరు, అయినా మన ఇళ్ళల్లో కదపం. ఆవిడకి తెలిసిన చదువు అది. నేనే గుర్తుచేశాను.

“ఇది పెరుగు కాదమ్మా. దీనికి గాలాడాలె, నీళ్ళు తిరగాలె.”

“మరి తోడు అన్నారేం?”

“మీకు అర్థమైతదని అన్న.”

“అర్థమైంది కాబట్టే కదా తీసేశాను.”



కాసేపటికి ఆవిడ మొహం మారింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “అయితే ఇన్నాళ్ళూ నేనే చంపుతున్నానా వీణ్ణి?”

కాదన్నాను. నీళ్ళు, ఎండ, బొంబాయివాడు అని ఏవేవో చెప్పాను. ప్లగ్గులు పెట్టాను. బుడగలు లేచాయి. కానీ అమ్మోనియా అప్పటికే చిక్కగా ఉంది, సీసాలు అయిపోయాయి, బొంబాయి నుంచి సరుకు ఎప్పుడొస్తుందో తెలియదు. నా షాపు తొట్లలోంచి ఒక పాత స్పాంజి తెచ్చి పెడితే పనైపోయేదే. పాత స్పాంజిలో ఉండేది అదే బ్యాక్టీరియా కదా. కానీ ఆ నెలలో షాపులో చేపలకి తెల్లమచ్చల జబ్బు తగిలి, స్పాంజిలన్నీ బ్లీచింగ్ పౌడరులో ఉడకేసినట్టు ఉతికి ఎండలో ఆరేశాను. వాటిలో బతికున్నది ఏదీ లేదు. నేను చేపలు అమ్మిన తొట్లకీ అదే జబ్బు పాకింది, అక్కడి స్పాంజి తేవడానికి లేదు.

అప్పుడు నేను బాగా ఆలోచించి సుభద్రమ్మగారికి ఒక ఉపాయం చెప్పాను. ఇంట్లో తోడు అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాం కదమ్మా, అట్లనే, ఎవరింట్లనన్న పాత తొట్టి ఉంటె జర స్పాంజి ముక్క అడుగుండ్రి, అన్నాను. నర్సింగు వెంటనే అందుకున్నాడు. డ్రైవర్లకి ఏ ఇంట్లో ఏముందో తెలుస్తుంది, అందరూ ఒకే టీ బండి దగ్గర నిలబడతారు. “ఎదురింటి సార్ ఇంట్ల గోడంత ట్యాంకున్నదమ్మా. పదేండ్ల సంది ఉన్నదంట.”

ఎదురిల్లు ఎవరిదో తెలిశాక ప్రసాద్ ఒప్పుకోలేదు. “అమ్మా, ఆయన పెద్ద ఆర్టిస్టు. ఇక్కడ ఎవరింటికీ అలా వెళ్ళిపోరు. అపాయింట్‌మెంట్ ఉండాలి.”

“తోడుకి అపాయింట్‌మెంటేంట్రా,” అంటూ ఆవిడ స్టీలు గిన్నె పట్టుకుని గేటు దాటారు.

ఇప్పుడు విలన్ సంగతి. భుజం భుజం రాసుకోలేదు. నేను గేటు బయట నర్సింగుతో నిలబడ్డాను. నలుగురిని చంపి కానీ కాఫీ తాగని మనిషి ఇంట్లోకి ముందు ఎవరో ఒకరు వెళ్ళి రావాలనిపించింది. కాబట్టి ఇక్కడి నుంచి కొంత సుభద్రమ్మగారు చెప్పింది, కొంత గేటు కమ్మీల్లోంచి నేను చూసింది.

వాచ్‌మన్ ఎవరని అడిగాడు. “ఎదురింటివాళ్ళం నాయనా, కాస్త తోడు కావాలి,” అన్నారట. వాడు లోపలికి వెళ్ళి, వంటమనిషి చేత చిన్న గిన్నెలో గడ్డపెరుగు పంపించాడు. కాదంటే బాగుండదని ఆవిడ అదీ తీసుకున్నారు. తీసుకుని, ఇది కాదమ్మా, చేపల తొట్టిది, అన్నారు. ఈ గొడవ విని ఆయనే బయటికొచ్చాడు. లుంగీ, భుజాన తువ్వాలు, నెత్తికి నూనె. తెర మీద కనిపించే మనిషిలో సగం ఉన్నాడు.

“ఏం కావాలమ్మా?”

ఆవిడ మొత్తం చెప్పారు. తోడు, నేతచీర, ప్లగ్గులు, కలెక్టరు. ఆయన అంతా విన్నాడు. అంతా అయ్యాక, “మేత మానేసి ఎన్నాళ్ళయింది?” అని మాత్రం అడిగాడట. లోపలికి తీసుకెళ్ళి, ఫిల్టరు పెట్టె మూత తనే తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, తారులా కారుతున్న స్పాంజి పైకి లాగాడట.

“కడగలేదమ్మా, ఏమీ అనుకోకండి. బురద బురదగా ఉంది.”

“మాకు కావల్సింది బురదే బాబూ.”

కత్తెరతో సగం కోసి గిన్నెలో వేసి, అది మునిగేదాకా తన తొట్టినీళ్ళే పోశాడు. అది చాలా ముఖ్యం. నల్లా నీళ్ళు పోసి ఉంటే దారిలోనే పని పాడయ్యేది. ఆ గిన్నె తనే పట్టుకుని గేటు దాకా వచ్చాడు. నన్ను చూసి తలూపాడు. నేను నమస్కారం పెట్టాను. మా ఇద్దరి పరిచయం అంతే.

ఆ సగం స్పాంజిని కలెక్టరు ఫిల్టరులో మా స్పాంజికి ఆనించి పెట్టాను. బొంబాయి నుంచి సీసా కూడా మర్నాడే దిగింది, అదీ పోశాను. నర్సింగు నీళ్ళు మార్చడం ఆపలేదు. పంపు రాత్రీ పగలూ తిరిగింది. కొన్నాళ్ళకి నైట్రైట్ పరీక్షలో మొదటిసారి గులాబీ రంగు కనిపించింది. ఇది చెడ్డ రంగే, కానీ మొదటి రకం బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చడం మొదలుపెట్టిందని దానికి అర్థం. నైట్రైట్ దెబ్బ చేపకి తగలకుండా కాస్త ఉప్పు వెయ్యాలి. దోసెడు కల్లుప్పు అడిగాను.

సుభద్రమ్మగారు ఉప్పు తెచ్చి చేతికిస్తూ అన్నారు. “తోడు, నీళ్ళు, ఉప్పు. ఇక మజ్జిగే కదా అన్నయ్యగారూ.”

చాలా రోజుల తర్వాత ఆవిడ వేసిన మొదటి హాస్యం. నేను ఉప్పు చల్లుతూ తల వంచుకున్నాను.

తర్వాత గులాబీ వెలిసిపోయింది. ఆకుపచ్చ కూడా పసుపులోకి తిరిగింది, వరండాలోనూ పసుపే. కలెక్టరు మూలలోంచి మధ్యకి వచ్చాడు. ఒక సాయంత్రం ఆవిడ వేళ్ళలోంచి గుళిక లాక్కున్నాడు. ప్రసాద్ ఆఫీసులో ఉంటే ఆ సంగతి ఫోన్ చేసి చెప్పారట, మీటింగులో ఉన్నానమ్మా అంటే, నీ మీటింగు ఎక్కడికీ పోదు విను, అన్నారట.

ఇంతకీ ఏది పనిచేసింది? ఇది నన్ను ఎంతమంది అడిగారో, నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆఖరి సీసా పనిచేసిందని చాలాకాలం కస్టమర్లకి చెప్పాను, సీసాలు అమ్ముకోవాలి కదా. విలన్‌గారి స్పాంజి అని ఫిల్మ్ నగర్‌లో చెప్పాను, అక్కడ ఆ మాటకి గిరాకీ. ప్లగ్గు పీకకపోవడమే అసలు మందని ప్రసాద్ అంటాడు. రాత్రిళ్ళు పంపు తిరిగి ఉంటే మొదటి సీసా ఒక్కటే సరిపోయేదేమో. స్పాంజి ఒక్కటే సరిపోయేదేమో. నర్సింగు బకెట్లు మొయ్యకపోతే వీటిలో ఏదీ రాకముందే చేప పోయేదేమో. అన్నీ ఒక్కసారే చేశాం, దేన్నీ విడిగా చూడలేదు. ఇన్నేళ్ళు ఈ నీళ్ళలో చేతులు నానబెట్టినవాణ్ణి, నాకు తెలియదు అని రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. తెలియదు.

తెలిసింది ఒక్కటే. కస్టమరుకి ఒక పోలిక చెప్పి అర్థమయ్యేలా చేశానని మురిసిపోకూడదు. ఆ పోలిక పట్టుకుని వాళ్ళు ఇంటికెళ్ళి ఏంచేస్తారో అడగాలి. పాలు, తోడు అని ఇప్పటికీ చెబుతాను, అంతకంటే మంచి మాట దొరకలేదు. కానీ వెంటనే, రాత్రి ప్లగ్గు ఏం చేస్తారమ్మా, అని అడుగుతాను. పదిమందిలో ఇద్దరో ముగ్గురో, తీసేస్తాం కదండీ అంటారు. సీసా అమ్మడం అక్కడే మొదలవుతుంది.

ఇది జరిగి ఏడెనిమిదేళ్ళు. రాసింది సుభద్రమ్మగారికి ఒకసారి వినిపిస్తే మంచిదని మొన్న జూబ్లీ హిల్స్ వెళ్ళాను. తొట్టి పక్కన అదే చోట కుర్చీ. కలెక్టరుకి వయసు మీద పడింది, మచ్చలు వెలిశాయి, నన్ను చూసి కదల్లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నారు. నేతచీర దగ్గర నవ్వారు. విలన్‌గారి నూనె తలకాయ దగ్గర, అంత నూనె లేదు పాపం, అన్నారు. అంతా అయ్యాక బాగుందంటారని ఎదురుచూశాను.

“ఉపాయం మీరు చెప్పారని రాశారేంటి?”

“నేనే కదమ్మా చెప్పింది, పక్కింట్ల అడుగుండ్రి అని.”

“కాదు. పక్కింట్లో అడగొచ్చా అని నేనడిగాను. మీరు నవ్వారు. ‘దీని పని అయిపోయింది, ఇడిసిపెట్టుండ్రి, రేపు షాపుకెళ్ళి అచ్చం గిసొంటిదే తెచ్చిస్త, మచ్చలు గూడ కలుస్తయి’ అన్నారు.”

నాకు నిజంగానే గుర్తులేదు. అలా అన్నానా అని అడిగాను.

“అన్నారు. నర్సింగు కూడా విన్నాడు, పిలిచి అడగండి. ఆ మాటకి ఒళ్ళు మండి గిన్నె తీసుకున్నాను నేను.” ఆవిడ మేత డబ్బా మూత తీసి ఒక గుళిక వేళ్ళ మధ్య పట్టుకున్నారు. కలెక్టరు మెల్లగా పైకి లేచాడు. “మచ్చలు కలిస్తే నాకేంటండీ. దానికి నేనెవరో తెలుస్తుందా?”